‘అక్క’ను ‘అత్త’ అనే రెండో తరగతి పిల్లవాడు: చిత్తూరు జిల్లా నుంచి ఒక ఉచ్చారణ లోపం కేసు

వయసు 7 ఏళ్ల 2 నెలలు. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో రెండో తరగతి. చిత్తూరుకు దక్షిణాన, తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. ఇంట్లో అమ్మ, అవ్వ తమిళం మాట్లాడతారు, నాన్న తెలుగు. బడిలో తెలుగు, ఇంగ్లిష్. పేరు, ఊరు, బడి వివరాలు ఇవ్వడం లేదు కాబట్టి ఈ వ్యాసంలో ‘బాబు’ అనే అందాం.

టీచర్ మా స్పీచ్ థెరపీ క్లినిక్‌కు పంపిన చీటీలో ‘నత్తి ఉంది’ అని మాత్రమే ఉంది. మన ఊళ్లలో మాట తడబడినా, ఒక అక్షరం బదులు ఇంకొకటి పలికినా, ముద్దగా మాట్లాడినా అన్నింటికీ అదే పేరు. అందుకే చీటీని పక్కన పెట్టి ముందు పిల్లవాడిని మాట్లాడించాలి. బాబు విషయం ఐదు నిమిషాల్లో తేలిపోయింది. మాట ఎక్కడా ఆగడం లేదు, మొదటి అక్షరం పదేపదే రావడం లేదు, పెదవుల్లో, మెడలో బిగింపు లేదు. నత్తి కాదు. ‘క’ రావాల్సిన చోట ‘త’, ‘గ’ రావాల్సిన చోట ‘ద’ వస్తున్నాయి. కోడి ‘తోడి’, కాకి ‘తాతి’, గంప ‘దంప’, మామిడికాయ ‘మామిడితాయ’. ఐదో తరగతి చదివే సొంత అక్కను ‘అత్త’ అని పిలుస్తున్నాడు. తమిళంలోనూ ఇంతే: ‘కాక్కా’ అనబోతే ‘తాత్తా’ వస్తుంది, కాకి కాస్తా తాతయ్య అయిపోతుంది.

ఒక్క అక్షరమే కదా అనుకుంటే పొరపాటు. నాకు, నీకు, ఇంటికి, బడికి, బాగా, గట్టిగా లాంటి మాటల్లోని కు, కి, గా లేకుండా తెలుగు వాక్యం నడవదు. ‘నాతు ఇంటితి పోవాలని ఉంది’ అన్నప్పుడు వినేవాళ్లకు ప్రతి రెండో మాట దగ్గర ఆగి ఊహించుకోవాల్సి వస్తుంది. పైగా క, త మార్పుతోనే అర్థం మారిపోయే జంటలు తెలుగులో కొల్లలు. మేక–మేత, కోట–తోట, ఈక–ఈత, పాక–పాత, కట్ట–తట్ట, కల–తల. ‘మేకకు మేత వేసినా’ అని బాబు చెప్తే బయటికి వచ్చేది ‘మేతతు మేత వేసినా’.

ఇంత స్పష్టమైన లోపం అంగన్‌వాడీలో గానీ, ఒకటో తరగతిలో గానీ ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణాలున్నాయి. ఇంట్లోవాళ్ల చెవి అలవాటు పడిపోయింది. “మాకు అంతా అర్థమవతా ఉంది సార్, బళ్లోనే అంటా ఉండారు” అన్నది తల్లి. తరగతిలో చిన్న పిల్లలు ఎక్కువగా పలికేది గుంపుగానే. ‘గుడ్ మార్నింగ్ టీచర్’ దగ్గర నుంచి ఎక్కాల దాకా అందరి గొంతులో ఒక గొంతు కలిసిపోతుంది. ముప్పై మంది ‘ఎక్కాలు’ అంటుంటే ఒకరు ‘ఎత్తాలు’ అన్నది టీచరుకు వినపడదు. చివరికి పట్టిచ్చింది డిక్టేషన్ నోటుపుస్తకం. కాకిని ‘తాతి’ అనీ, మేకను ‘మేత’ అనీ రాశాడు. నోట్లో తేడా లేని రెండు ధ్వనులకు పలక మీద తేడా చూపడం అతనికి కష్టమైంది. బడి దాన్ని చదువులో వెనకబాటుగా లెక్కేసింది.

ప్రాథమిక తరగతుల్లో ఎంతమందికి?

బాబుతో పాటు అదే టీచర్ ఇంకొందరి పేర్లు కూడా ఇచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి ఏ లోపమూ లేదు. భోజనాన్ని ‘బోజనం’ అనేవాళ్లు, వేరుశనగను ‘సెనక్కాయ’ అనేవాళ్లు, ‘ఒగటి’ అనేవాళ్లు, ‘ళ’కు ‘ల’ పలికేవాళ్లు ఆ జాబితాలో ఉన్నారు. ఇదంతా ఈ ప్రాంతపు మాట. ఇంట్లో పెద్దలు ఎలా పలుకుతారో పిల్లలూ అలాగే పలుకుతారు. తమిళంలో ఒత్తక్షరాలు లేవు కాబట్టి సరిహద్దు ఊళ్లలో ఖ, ఘ, ధ, భ వినపడకపోవడం మామూలే. ముందు పళ్లు ఊడి ‘స’ గాలిగా పోతున్న ఆరేడేళ్ల పిల్లలూ కొందరున్నారు. కొత్త పళ్లు వచ్చేదాకా దాన్ని లోపంగా లెక్కపెట్టకూడదు.

ఆ జాబితాలో ఎవరు లేరన్నది అంతకన్నా ముఖ్యం. నత్తి ఉన్న పిల్లలు తరగతిలో నోరు విప్పరు. అడిగితే ‘తెలీదు’ అని కూర్చుంటారు. టీచరుకు వాళ్లు నెమ్మదస్తులు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన పిల్లల్ని ‘వాడి గొంతే అంత’ అని వదిలేస్తారు. ఉచ్చారణ బాగానే ఉండి, వాక్యం కట్టడం, చెప్పింది అర్థం చేసుకోవడం రాని పిల్లలు మొద్దులనే లెక్కలో పడతారు.

అందుకే ‘ఎంతమందికి ఉంటుంది’ అని హెడ్మాస్టర్లు అడిగినప్పుడు, దేన్ని లెక్కపెడుతున్నామో ముందు తేల్చుకోమంటాం. ఉచ్చారణ లోపాల విషయంలో పెద్ద అధ్యయనాలు దాదాపు ఒకే అంకె దగ్గరికి వచ్చాయి. అమెరికాలో 6 ఏళ్ల పిల్లల్లో 3.8 శాతం (1999), ఆస్ట్రేలియాలో 4 ఏళ్ల పిల్లల్లో 3.4 శాతం (2015), బ్రిటన్‌లో 8 ఏళ్ల వయసుకూ పోని లోపాలు 3.6 శాతం (2016). భాషాభివృద్ధి లోపం, అంటే వాక్యం కట్టడం, చెప్పింది అర్థం చేసుకోవడం రాకపోవడం, సుమారు 7 శాతం. నత్తి చిన్నతనంలో వచ్చిపోయేవాళ్లను కలుపుకుంటే 5 శాతం దాకా, నిలిచిపోయేది 1 శాతం వరకు. ఈ మూడింటినీ కూడి ఒక మొత్తం చెప్పకూడదు, ఎందుకంటే ఒకే పిల్లవాడికి రెండు ఉండటం తరచూ చూస్తుంటాం. ముప్పై మంది ఉన్న తరగతిలో ఉచ్చారణ లోపం ఉన్నవాళ్లు సగటున ఒకరు. టీచర్ పది పేర్లు ఇస్తే యాస కూడా లెక్కలో చేరిందని అర్థం. ఒక్క పేరూ ఇవ్వకపోతే ఎవరినీ విడిగా మాట్లాడించలేదని అర్థం.

2011 జనగణనలో మాట వైకల్యం కింద దేశం మొత్తంమీద నమోదైనవారు 20 లక్షలకు కాస్త తక్కువ. ఆ అంకెను బడికి అన్వయించలేం. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటర్ ‘ఎవరికైనా మాట రాదా?’ అని అడిగితే బాబు తల్లి ‘లేదు’ అనే చెప్తుంది. అది నిజమే, మాట రాకపోవడం అతని సమస్య కాదు.

బడిలో వడపోతకు పిల్లవాడికి ఐదు నిమిషాలు చాలు. పిల్లవాడిని వరండాలోకో ఆఫీసు గదిలోకో ఒక్కడినే పిలవాలి. పదిహేను బొమ్మలు చూపించి పేర్లు చెప్పించాలి: కోడి, గాలిపటం, మేక, చెట్టు, జడ, డబ్బా, తాళం, దువ్వెన, పలక, బస్సు, నక్క, లడ్డు, వంకాయ, రైలు, సైకిలు. అక్షరం మాట మొదట్లోనూ మధ్యలోనూ వచ్చేలా చూసుకోవాలి. మనం పలికి ‘నువ్వూ చెప్పు’ అనకూడదు, అనుకరణలో చాలామంది సరిగానే చెప్పేస్తారు. ఆ తర్వాత ‘నిన్న సాయంత్రం బడి విడిచాక ఏం చేసినావు?’ అని అడిగి రెండు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేయాలి. నత్తి, గొంతు, వాక్యం బయటపడేది ఈ రెండు నిమిషాల్లోనే. చివరగా పిల్లవాడి వెనక నిలబడి మామూలు గొంతుతో ఆ, ఊ, ఈ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులను ఒక్కొక్కటిగా పలికి తిరిగి చెప్పించాలి. ఏదైనా ఒకటి తప్పిపోతే వినికిడి పరీక్షకు పంపాలి.

పరీక్షలు

వినికిడి చూడకుండా ఉచ్చారణ థెరపీ మొదలుపెట్టకూడదు. ఇందులో మినహాయింపులు లేవు. బడిలోనే స్క్రీనింగ్ ఆడియోమీటర్‌తో 1000, 2000, 4000 హెర్ట్జ్ దగ్గర 20 డెసిబెల్స్‌లో చూశాం. ఫ్యాన్లు ఆపించి, రోడ్డుకు దూరంగా ఉన్న గది ఎంచుకున్నాం. 500 హెర్ట్జ్ వదిలేశాం, ఎందుకంటే బడి చప్పుడులో ఆ మెట్టు నమ్మదగింది కాదు. కుడి చెవి సరిపోయింది, ఎడమ చెవి మూడు చోట్లా తప్పింది. తిరుపతిలో సౌండ్‌ప్రూఫ్ గదిలో చేసిన పూర్తి పరీక్షలో కుడి 15, ఎడమ 32 డెసిబెల్స్ వచ్చింది (అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు). ఎముక ద్వారా వినికిడి రెండు వైపులా మామూలుగానే ఉంది. అంటే అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉంది. ఈఎన్‌టీ డాక్టర్ గట్టిపడిన గులిమి తీశారు, ముక్కు దిబ్బడకు మందులిచ్చారు. ఆరు వారాల తర్వాత ఎడమ చెవి కూడా 15కు వచ్చింది.

గులిమి పోతే మాట దానంతట అదే వచ్చేస్తుందని ఇంట్లోవాళ్లు ఆశపడ్డారు. మాటలో ఏ మార్పూ రాలేదు. ఒక చెవిలో స్వల్పంగా తగ్గిన వినికిడి ‘క’ను ఇంత పద్ధతిగా ‘త’ చేయదు. అయినా చెవి బాగుచేయడం వృథా కాదు. థెరపీలో పిల్లవాడు తన మాట తాను వినాలి, తరగతిలో టీచర్ మాట వినాలి. చెవి కోసం ఇంట్లో వేడి కొబ్బరినూనె పోయడం, పిన్నీసుతో తీయడం మానమని గట్టిగా చెప్పాం.

తర్వాత నోరు. నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారట, తల్లి అదే అడిగింది. బాబు నాలుకను కింది పెదవి దాటేలా చాపగలడు, పై పళ్ల వెనక్కి ఎత్తగలడు, త, ద, ల, న తేలిగ్గా పలుకుతున్నాడు. ఇవన్నీ నాలుక కొసతో పలికేవి. క, గ పలికేది నాలుక వెనక భాగం, అది పైకి లేచి మెత్తటి అంగిలిని తాకాలి. కొసను పట్టి ఉంచే నరానికీ దానికీ సంబంధం లేదు. కోయిస్తే నొప్పి తప్ప ‘క’ రాదు. అంగిలి, కొండనాలుక చూశాం. కొండనాలుక రెండుగా చీలి ఉందా, అంగిలి మధ్యలో పలచటి నీలిగీత ఉందా అని టార్చి వేసి చూడటం తప్పనిసరి, లోపలి చీలిక పైకి కనపడకపోవచ్చు. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి పాప, బస్సు, సబ్బు చెప్పించాం. అద్దం మసకబారలేదు, గాలి ముక్కులోకి పోవడం లేదు. ‘పటక పటక’ అని వేగంగా చెప్పమంటే ‘పటత పటత’ అన్నాడు, కానీ లయ తప్పలేదు. అన్నిసార్లూ ఒకే తప్పు ఒకే తీరున చేస్తున్నాడు. కండరాల బలహీనత, మాటల కదలికలను పేర్చుకోవడంలో ఇబ్బంది కారణమైతే తప్పులు ఇలా ఉండవు.

రెండు భాషల్లోనూ పరీక్షించాం. తెలుగులో మాత్రమే తప్పు ఉంటే ఇంటి భాష ప్రభావమేమో అనుకోవచ్చు. తమిళంలోనూ అదే తప్పు అదే తీరున ఉంటే లోపమే. ఇంట్లో తమిళం మాని తెలుగే మాట్లాడమని ఎవరో తల్లికి సలహా ఇచ్చారు. అది తప్పుడు సలహా. రెండు భాషలు వినడం వల్ల ఉచ్చారణ లోపం రాదు. తనకు బాగా వచ్చిన భాషలో తల్లి మాట్లాడకపోతే పిల్లవాడికి నష్టమే.

తీవ్రత లెక్క దగ్గర యాస గొడవ మళ్లీ ఎదురైంది. బొమ్మల కథ చెప్పించి రికార్డు చేసిన మాటల్లో 150 హల్లులు తీసుకున్నాం. పుస్తక భాషతో పోలిస్తే 57 తప్పులు, అంటే 62 శాతం ఒప్పు. అందులో ఒత్తులు పోయినవి, ళ, ణ మారినవి, శ, ష బదులు స వచ్చినవి కలిపి 18. ఇవి తల్లిదండ్రుల మాటలోనూ ఉన్నాయి. వాటిని తీసేస్తే అసలు తప్పులు 39, ఒప్పు 74 శాతం. ఈ రంగంలో వాడే తీవ్రత కొలతలో 65 దగ్గర గీత ఉంటుంది. యాసను తప్పుగా లెక్కపెడితే బాబు ఆ గీతకు కింద, ‘మధ్యస్థం నుంచి తీవ్రం’ వర్గంలో పడేవాడు. సరిగా లెక్కపెడితే ఒక మెట్టు పైన ఉన్నాడు. 39 తప్పుల్లో క, గ తప్పులు 21, ‘ర’ను ‘ల’ అన్నవి 12, మిగతా 6 సంయుక్తాక్షరాలవి.

థెరపీ దేనితో మొదలుపెట్టాలో తేల్చింది మాత్రం సరిగా పలికిన మూడు మాటలు. అవి సంగటి, అంగడి, వంకాయ. ముందు ముక్కుతో పలికే ధ్వని ఉన్నచోట నాలుక వెనక భాగం దానంతట అదే లేస్తోంది. కండరానికి చేతకాక కాదు, క, త రెండు వేర్వేరు ధ్వనులన్న ఏర్పాటు అతని మాటలో కుదరలేదు. మామూలుగా ఈ మార్పు మూడున్నర ఏళ్లకల్లా పోతుంది. 27 భాషల మీద జరిగిన 64 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్ష ప్రకారం 5 ఏళ్లకు పిల్లలు చాలావరకు హల్లులన్నీ పలుకుతారు. ఏడేళ్లు నిండాక ‘పెద్దయితే అదే వస్తుందిలే’ అని ఆగడానికి లేదు.

థెరపీ

వారానికి రెండు సిట్టింగులు అవసరం. అయితే చిత్తూరు రావాలంటే రెండు బస్సులు మారాలి, తల్లికి ఒక రోజు కూలి పోతుంది. వారానికి ఒకటే, 45 నిమిషాలు పెట్టుకున్నాం. మిగతా సాధన అక్క చేతిలోనూ టీచర్ చేతిలోనూ పెట్టాం. ఒక్కో సిట్టింగులో లక్ష్య ధ్వనిని కనీసం 60 సార్లు చెప్పించాం. లెక్కకు చింతగింజలు వాడాం. ఒక్కో ప్రయత్నానికి ఒక గింజ డబ్బాలో వేస్తాడు, గింజలన్నీ అయిపోతే ఆట అయిపోయినట్టు. ‘ఇంకోసారి చెప్పు’ అనాల్సిన పని పోయింది.

ముందు వినడం. కోట, తోట బొమ్మలు పెట్టి మనం పలికితే పదికి పదీ సరిగా చూపించాడు. అతని రికార్డింగ్ అతనికే వినిపిస్తే ‘తోడి’ని కూడా ‘సరిగానే ఉంది’ అన్నాడు. మనం కావాలని ‘తోడి’ అంటే మాత్రం నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఎదుటివాళ్ల తప్పు వినపడుతుంది, తనది వినపడదు. కాబట్టి తన గొంతు తాను విని ‘క డబ్బా’, ‘త డబ్బా’ల్లో కార్డులు వేసే ఆటకు మొదటి సిట్టింగులు కేటాయించాం. ఈ మెట్టు వదిలేసి నేరుగా పలికించడం మొదలుపెడితే క్లినిక్‌లో వచ్చిన ‘క’ బస్టాండుకు చేరేలోపు పోతుంది.

పలికించడం గుక్కెడు నీళ్లతో మొదలైంది. తల వెనక్కి వంచి గొంతులో నీళ్లు గరగరలాడించాలి, తర్వాత నీళ్లు లేకుండా అదే చప్పుడు చేయాలి. దీంతో నాలుక వెనక భాగం ఎక్కడుందో పిల్లలకు తెలుస్తుంది. చాప మీద వెల్లకిలా పడుకోబెడితే నాలుక తనంతట వెనక్కి జారుతుంది. అక్కడి నుంచి, అతనికి ముందే ఉన్న ‘సంగటి’ని పట్టుకున్నాం. ‘సం…’ దగ్గర ఆగి ఆ ముక్కు ధ్వనిని సాగదీయించి, ఒక్కసారిగా ‘గా’ అని వదలమన్నాం. అలా ‘గ’ ముందు వచ్చింది. అదే ‘గా’ను గుసగుసగా చెప్పిస్తే ‘కా’ అవుతుంది. నాలుక ముందుకు ఉరికినప్పుడు మాత్రం శుభ్రమైన ఐస్‌క్రీం పుల్లను నాలుక ముందు మూడో వంతు మీద తేలిగ్గా ఆనించాం. అంతకన్నా లోపలికి పోతే వాంతి వస్తుంది, ఆ పిల్లవాడు మళ్లీ నోరు తెరవడు. పుల్ల ఒకసారి వాడి పారేయాల్సిందే.

అచ్చుల వరస కూడా చూసుకోవాలి. గా, గో, గూ, కా, కో, కూ ముందు. కి, కీ, కే చివర, ఎందుకంటే ఇ, ఎ పలికేటప్పుడు నాలుక ముందుకే లాగుతుంది. మాటలు ఎంచేటప్పుడు త, ద లేనివి తీసుకోవాలి: కోడి, కాయ, కొమ్మ, గంప, గోనె, మేక, పాక, అక్క. చేతిలో ఉన్న బొమ్మల పుస్తకం తెరిచి కోతి, కత్తి, తోక, గది చెప్పించడమే చాలామంది చేసే పొరపాటు. ఆ మాటల్లో త, ద పక్కనే ఉండి ‘క’ను తమవైపు లాగేస్తాయి, ‘తోతి’, ‘తత్తి’ వచ్చి పిల్లవాడు నీరసపడతాడు. వాటిని ఆఖరున తీశాం.

మాటలు పదిలో ఎనిమిది సరిగా రాగానే జంటల ఆటకు వెళ్లాం. బల్ల మీద కొత్తిమీర కట్ట, పక్కన చిన్న తట్ట. అడిగింది చేతికిస్తాం. ‘తట్ట’ అంటే తట్టే వస్తుంది, అతనికి కావాల్సింది కట్ట. తన మాట వల్ల వేరే వస్తువు చేతికి రావడం పిల్లవాడికి కలిగించే మార్పు వంద దిద్దుబాట్లు కలిగించలేవు. అక్క–అత్త జంటకు ఇంట్లోనే అవకాశం దొరికింది. ‘అత్త’ అని పిలిస్తే అక్క పలకదు, నవ్వదు, అలా చూస్తుంది అంతే. ‘అక్క’ అన్న వెంటనే పలుకుతుంది. అక్కకు ఈ నియమం నేర్పడానికి ఒక సిట్టింగు పూర్తిగా వెచ్చించాం, అది బాగా గిట్టుబాటైంది.

ఇంటి పని రోజుకు రెండుసార్లు, ఐదేసి నిమిషాలు, ఐదు మాటలు. అంతకుమించి వద్దన్నాం. రోజంతా ‘మళ్లీ చెప్పు, సరిగా చెప్పు’ అని వెంటపడితే పిల్లలు మాట్లాడటమే తగ్గిస్తారు. మిగతా సమయంలో ‘తోడి వచ్చింది’ అంటే ‘అవును, కోడి వచ్చింది’ అని కొనసాగించాలి. ముద్దుగా ఉందని అవ్వ బాబు లాగే ‘తాతి’ అనేది. దాన్ని మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. టీచర్‌కు ఇచ్చిన పని మూడే సంగతులు: కుడి చెవి తన వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టడం, డిక్టేషన్‌లో క/త, గ/ద తప్పులను వేరే రంగు పెన్నుతో గుర్తించడం, చదివేటప్పుడు నలుగురి ముందు దిద్దకపోవడం.

ఎక్కడ చిక్కు పడింది

వాక్యాల్లోకి వెళ్లాక ‘తాత’ ‘కాక’ అయ్యాడు, ‘తల’ ‘కల’ అయింది, ‘దోసె’ ‘గోసె’ అయింది. ఇంట్లో కంగారుపడ్డారు, ఉన్నది కూడా పోయిందన్నారు. ఇది ఈ థెరపీలో తరచూ వచ్చే మెట్టు. కొత్త నియమం పట్టుబడిన పిల్లవాడు దాన్ని అవసరం లేని చోట కూడా వాడతాడు. తిడితే రెండు ధ్వనులూ చెడతాయి. ‘క’ డ్రిల్లు కొన్నాళ్లు పూర్తిగా ఆపి, మళ్లీ రెండు డబ్బాల ఆటకు, జంటలకు వెనక్కి వచ్చాం. మూడు వారాల్లో సర్దుకుంది.

అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చింది ‘కి’ ప్రత్యయం. నాకు, అక్కకు, మేకకు తొందరగా కుదిరాయి. ఇంటికి, బడికి, చిత్తూరికి మాత్రం చాలాకాలం ‘తి’ గానే ఉన్నాయి. ‘కి’కి ముందు ‘ఇ’, తర్వాత ‘ఇ’, పైగా ప్రత్యయాన్ని ఎవరూ నొక్కి పలకరు. ‘ఎక్కడికి?’ ‘అంగడికి’, ‘ఎక్కడికి?’ ‘బావికి’ అని ప్రశ్న–జవాబు ఆటతో ఆ ముక్క మీద బరువు పడేలా చేశాక కదిలింది.

జూన్, జూలైల్లో తోతాపురి కాయ దిగే కాలం. తల్లి గుజ్జు ఫ్యాక్టరీలో పనికి వెళ్లింది, ఆరు వారాలు సిట్టింగులు లేవు. ఇది ముందే తెలుసు కాబట్టి కొత్త ధ్వని ఏదీ ఆ ముందు మొదలుపెట్టలేదు. అక్కకు పది మాటల కార్డులు ఇచ్చి పంపాం. ఈ జిల్లాలో థెరపీ ప్లాన్ వేసేటప్పుడు మామిడి సీజన్‌నూ సంక్రాంతినీ క్యాలెండర్‌లో ముందే గీసుకోవాలి. లేదంటే మధ్యలో మానేసిన కేసుగా మిగులుతుంది.

సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) వస్తుందా అని నాన్న అడిగాడు. రాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో మాట, భాష వైకల్యం అంటే స్వరపేటిక తొలగించడం, పక్షవాతం తర్వాత భాష పోవడం లాంటి శారీరక లేదా నాడీ సంబంధ కారణాలతో వచ్చే శాశ్వత వైకల్యం. బాబుది బాగయ్యే లోపం. సర్టిఫికెట్ కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే రోజుల్ని సిట్టింగులకు వాడుకోమని చెప్పాం. సర్టిఫికెట్ లేకపోయినా పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పరీక్షలు, జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి (డీఈఐసీ) రెఫరల్ ఉచితం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రంలోనూ అడగొచ్చు. ప్రైవేటుగా వెళ్తే థెరపిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగాలి. అలా అడగడం తల్లిదండ్రుల హక్కు.

ఇప్పటి స్థితి

పురోగతిని సాధన చేయించిన మాటలతో కొలవకూడదు, ఎన్నడూ చెప్పించని 20 మాటలతో కొలవాలి. మొదట్లో 20లో 1 వచ్చింది, మామిడి సీజన్‌కు ముందు 16, సీజన్ తర్వాత 15. అంటే విరామంలో జారిపోలేదు. తమిళంలో విడిగా సాధన చేయించకపోయినా తమిళం మాటల్లోనూ ‘క’ వచ్చింది, ‘కాక్కా’ కాక్కాగానే ఉంది. చివరి రికార్డింగ్‌లో 150 హల్లులకు తప్పులు 15, అందులో క, గ తప్పులు రెండే. రెండూ వేగంగా చెప్పిన ‘ఇంటికి’లోనివి. బడిలో కొత్తగా చేరిన టీచర్, బాబు సంగతి తెలియని వ్యక్తి, అతని మాట మొత్తం అర్థమైందన్నారు.

‘ర’ బదులు ‘ల’ ఇంకా ఉంది, పది తప్పులు దానివే. ‘క’ మాటల్లో పూర్తిగా స్థిరపడకముందే ‘ర’ ఎత్తుకుంటే రెండూ నలుగుతాయి కాబట్టి ఇన్నాళ్లూ ముట్టుకోలేదు. 8 ఏళ్లు నిండాక దసరా సెలవుల తర్వాత మొదలుపెడతాం. డిక్టేషన్‌లో క/త తప్పులు తగ్గాయి గానీ పోలేదు. నోరు సరైనా చేతి రాత వెనకే వస్తుంది. మూడో తరగతి టీచర్ రోజూ ఐదు జంట మాటలు, ముందు పైకి పలికించి తర్వాత రాయిస్తున్నారు. చలికాలంలో ముక్కు దిబ్బడ వచ్చినప్పుడల్లా ఎడమ చెవి మళ్లీ పరీక్షించాలని చీటీలో రాసి తల్లికిచ్చాం.